కొత్త కుండ

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. ముందు గదిలో మంచం మీద పున్నమ్మ. ఆమె కాళ్ళ దగ్గర కోడలు సంతోషకుమారి. తల దగ్గర కొడుకు నాగేంద్రబాబు. కిటికీ పక్కన, బ్రష్ పట్టుకుని మనవడు చైతన్య.

సెలవులకి వచ్చినప్పటి నుంచి చైతన్య వాటర్ కలర్స్‌లో ఇంట్లోని మట్టిపాత్రలే వేస్తున్నాడు. ఉప్పు కుండ, పెరుగు దాక, అంచు విరిగిన మూకుడు. నానమ్మ చేతులు తగిలినవన్నీ ఆవిడ ఉండగానే వెయ్యాలని అతని ఆరాటం.

మొన్న కళ్ళంలో, వరసకి మరదలయ్యే రమ్య మిరపకాయలు తిరగేస్తుంటే చైతన్య అటుగా వచ్చాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని రమ్యకి అతని దగ్గర మాత్రం నోరొస్తుంది.

"ఏంటి బావా, కుండలకి బొమ్మలేంటి? మనుషులు దొరకలేదా?"

"మనుషులు కదులుతారు. నువ్వైతే తుమ్ముతావు కూడా."

"నన్నెవరు వెయ్యమన్నారు!"

అతను నవ్వాడు. "ఇక మంచినీళ్ళ కుండ ఒక్కటే మిగిలింది. మాది పగిలింది. అలాంటిదే ఎక్కడన్నా దొరికితే పట్రావా?"

"తెస్తే ఏమిస్తావు?"

"తెచ్చాక అడుగు." అలా అని ఆమె కళ్ళల్లోకి చూశాడు. ఆ కాసేపూ రమ్యకి మిరప ఘాటే తెలియలేదు.

ఆ రోజు రమ్య చిలకలూరిపేటలో కుండ కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఏమడగాలో దారంతా అనుకుంటూనే ఉంది. 'బొమ్మ అయ్యేదాకా పక్కన కూర్చోనివ్వు బావా.' ఇంకేమీ ఆలోచించలేదు.

గడప దాటగానే సంతోషకుమారి లేచి నిలబడింది.

"ఏమే! మా అత్తకి ఇంకా ఊపిరి ఆడుతోందే! అప్పుడే కుండ తెచ్చావా?"

రమ్యకి అప్పుడు గుర్తొచ్చింది. మనిషి మంచాన ఉన్న ఇంటికి ఎవరూ కొత్త కుండ తేరు. పోయాక తెస్తారు, పాడె ముందు పట్టుకుని నడవడానికి.

"కాదత్తయ్యా... నేను..."

"ఎవరు తెమ్మన్నారు? చెప్పు!" నాగేంద్రబాబు అరిచాడు.

రమ్య చైతన్య వైపు చూసింది. అతని ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు. అంతలో పున్నమ్మ కళ్ళు తెరిచి కుండనే చూస్తూ ఉండిపోయింది. అతని పెదాలు బిగుసుకున్నాయి.

అతని పేరు చెప్తే, నానమ్మ బతికుండగానే కుండ తెమ్మన్నవాడవుతాడు. ఆ మాట జన్మంతా వదలదు.

"ఎవరూ అనలేదు మామయ్యా. నేనే తెచ్చాను."

"ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు!" సంతోషకుమారి గుమ్మం వైపు వేలు చూపించింది. "తలుపు మూసెయ్‌రా చైతన్యా!"

రమ్య కుండతో మెట్టు దిగింది. అతను గుమ్మం దాకా వచ్చాడు. వేళ్ళకి రంగు ఇంకా తడిగా ఉంది.

"రమ్యా..." ఆమెకి మాత్రమే వినపడింది.

"మూసెయ్ బావా. నానమ్మ చూస్తోంది."

అతను తలుపు మూశాడు.