తొలి గరిటె టీ

దుల్మా లేచేసరికే ఉన్ని గుడారంలో పొయ్యి వెలుగుతోంది. కోడలు ఉయంగా ఉప్పు వేసిన పాల టీ కాచి, మొదటి గరిటె బయట ఆకాశానికి చిలకరించి వచ్చింది. ఆ తర్వాతే దగ్గి, ఆస్పత్రివాళ్లు ఇచ్చిన డబ్బాలో ఉమ్మి మూత పెట్టింది.

"మళ్లీ ఎందుకే? పోయినసారి ఏమీ లేదన్నారుగా."

"ఏమీ లేకపోతే ఇలా ఎందుకు చిక్కిపోతున్నాను అత్తయ్యా?"

"చలికి గొర్రెలూ చిక్కాయి. వాటినీ ఆస్పత్రికి తోలుకెళ్తావా?"

ఉయంగా నవ్వలేదు. తన గిన్నె తీసుకుని తలుపు పక్కన విడిగా కూర్చుంది. దగ్గు మొదలయ్యాక పసివాణ్ణి పుట్టింటికి పంపేశారు. మొగుడు మందతో దూరపు మేతకు వెళ్లాడు. గుడారంలో మిగిలింది ఇద్దరే. మాటలూ తక్కువే.

దుల్మా భర్తనూ ఇలాంటి దగ్గుకే లారీలో పట్నం తీసుకెళ్లారు. లారీ తిరిగొచ్చింది. ఆయన రాలేదు.

అత్తాకోడళ్లిద్దరూ వెళ్తే, ఊళ్లోని చిన్న ఆస్పత్రిలో డాక్టరు సార్నై డబ్బాను కిటికీ వెలుగులో పట్టి చూసింది.

"ఇది ఉత్త ఉమ్మి. పోయినసారి చూడకుండా పంపాం, పట్నంలో మెషీన్‌కు ఏమీ దొరకలేదు. ఇప్పుడు ముందు నేనే చూస్తున్నాను. లేవగానే లోపలినుంచి దగ్గి కఫం తీయమన్నానా?"

ఉయంగా తల దించుకుంది. "ఆకాశానికి టీ చిలకరించకముందు ఉమ్మకూడదు కదండీ."

"మరి కఫం వస్తే?"

"మింగేస్తాను."

కొత్త కోడలికి ఆ పద్ధతి నేర్పింది దుల్మాయే. "పోనీలెండి," అంది. "జబ్బు దొరికితే మా ఆయనలాగే దీన్నీ పట్నం తీసుకుపోతారు."

"దొరక్కపోతే నా బిడ్డ ఇంటికి రాడు అత్తయ్యా," అంది ఉయంగా నెమ్మదిగా. "వాడు నా మొహం మర్చిపోతాడు."

"ఎవరినీ తీసుకుపోం పెద్దమ్మా," అంది సార్నై. "మాత్రలు ఇంటికే పంపిస్తాం. కానీ జబ్బేమిటో తెలియాలి."

మర్నాడు తెల్లవారకముందే దుల్మా కోడలిని తట్టి లేపింది. చేతిలో కొత్త డబ్బా.

"లే. టీ నేను కాస్తాను. నువ్వు బయటికెళ్లి ముందు దగ్గు."

"మరి ఆకాశానికి?"

"కాసేపు ఆగుతుందిలే. నేను చెప్పుకుంటాను."

గుడారం వెనక ఉయంగా గుండె లోతుల్లోంచి దగ్గుతోంది. దుల్మా టీ కాచింది. తలుపు దగ్గరి కోడలి గిన్నెను తెచ్చి తన గిన్నె పక్కన పెట్టింది. దగ్గు ఆగాక తొలి గరిటె తీసుకుని బయటికి వెళ్లింది.

ఇన్నేళ్లూ ఏ జబ్బూ రాకూడదనే మొక్కుకుంది. ఇవాళ, దొరకాలని మొక్కుకుంది.