మర స్ప్రింగులు

నల్గొండలో ఫక్రుద్దీన్ మెకానిక్ షెడ్డు ముందు ఆ పొద్దంతా ఒకటే వాదులాట. సోమన్న తన పాత ఫియట్‌ను కిందికి దించమంటాడు. ఫక్రుద్దీన్ నవ్వుతాడు.

"మన రోడ్లకు బండిని ఇంకో జానెడు లేపమనేటోళ్లను చూసిన గానీ, దించమనేటోన్ని నిన్నే చూస్తున్న."

నవ్వేవాడికేం తెలుసు? ఆ కారు కిరాయిలతోనే సోమన్న ఇల్లు గడుస్తుంది, కానీ ఇంటి మనిషే ఆ కారెక్కలేదు. అతని భార్య అండాలు పుట్టింది మర్రిగూడ దగ్గరి పల్లెలో. అక్కడి ఫ్లోరైడు బోరునీళ్లు తాగి తాగి పెళ్లినాటికే ఆమె మోకాళ్లు వంగిపోయాయి. చదును నేల మీద మెల్లగా నడుస్తుంది. కాస్త ఎత్తు గడప అడ్డం వచ్చిందా, ఇక అంతే. కారెక్కాలంటే సోమన్న రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టాలి. వాడకట్టంతా గుమ్మాల్లోంచి చూస్తుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు, అయ్యో అనేవాళ్లు అంటారు. అండాలుకు ఆ నవ్వులకన్నా అయ్యోలే ఎక్కువ మంట.

చెల్లెలికి బిడ్డ పుట్టిందని కబురొస్తే తెగేసి చెప్పింది. "నా అంతట నేను ఎక్కితె వస్త. లేకుంటె నువ్వొక్కనివే పోయి చూసిరా."

సోమన్నకు పెళ్లామంటే పంచప్రాణాలు. అది దాచుకోవడం కూడా చేతకాని మనిషి. అందుకే వచ్చి షెడ్డు ముందు కూర్చున్నాడు.

ఫక్రుద్దీన్ చివరికి రెండు రకాలు తెచ్చి ముందర పడేశాడు. ఒకటి మామూలు స్ప్రింగే, కాకపోతే పొట్టిది. రెండోది హైదరాబాదు తుక్కు బజారులో దొరికిన పరదేశీ సరుకు. షాకబ్జర్ చుట్టూ మరలు చెక్కి ఉన్నాయి. ఆ మరల మీద ఒక ఇనుప రింగు, రింగు మీద స్ప్రింగు.

"పొట్టిది ఏస్తె దిగింది దిగినట్టే ఉంటది, ఇగ ఫికర్ లేదు. ఈ మర స్ప్రింగు ఉన్నది చూడు, పానా పెట్టి ఇటు తిప్పితె దిగుతది, అటు తిప్పితె లేస్తది."

"ఏది మంచిది భాయ్?"

"నన్నడిగితె పొట్టిదే. ఒకసారి దించినంక మళ్ల లేపుడెందుకు?"

సోమన్న తల గోక్కున్నాడు. మర్రిగూడ తొవ్వంతా రాళ్లు. పొట్టిది వేస్తే బండి కడుపు నేలకు గీరుకుంటుంది. మర స్ప్రింగైతే ఇంటి ముందు దించుకోవచ్చు, దారిలో లేపుకోవచ్చు. రెండు విధాలా లాభమే కదా! ఆశ మనిషి చేత ఎంత తియ్యగా లెక్కలు వేయిస్తుందో. మర స్ప్రింగే పెట్టమన్నాడు.

మర్నాడు అండాలు ముందు తలుపు పట్టుకుని, పక్కకు తిరిగి, మెల్లగా సీటు మీదికి ఒరిగింది. కాళ్లు లోపలికి లాక్కుంది. ఎవరూ ఎత్తలేదు.

"ఎక్కిన! చూసినవా, నేనే ఎక్కిన!"

సోమన్న అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఫియట్‌లో ముందు సీటు బెంచీలా పొడుగ్గా ఉంటుంది, ముగ్గురు సర్దుకుని కూర్చోవచ్చు. ఆ రోజు దాని మీద ఆమె రాణిలా కూర్చుని పుట్టింటికి పోయింది.

పసిబిడ్డను ఎత్తుకుని, తిని, మాట్లాడుకుని బయల్దేరేసరికి చీకటి పడింది. అత్తగారి గుమ్మం ముందు సోమన్న మళ్లీ బండి దించాడు, అండాలు మళ్లీ తానే ఎక్కింది. ఇక రాళ్ల తొవ్వ మొదలవక ముందే లేపుకోవాలి. ఊరి చివర బస్సులు ఆగే స్టేజి దగ్గర ఆపాడు. అక్కడొక పొడుగాటి బండ తప్ప ఏమీ లేదు.

"ఈడ ఆపకు," అంది అండాలు, గొంతు తగ్గించి.

"ఏమైంది?"

"నా అసోంటి కాళ్లోళ్లం గా బండ మీదనే కూసునేటోళ్లం. దవాఖానకు పోదామని వచ్చేటోళ్లం. మేము కాలు పెట్టేలోపే బస్సు కదిలిపోయేది. కొందరు గట్ల ఎదురుచూసి ఎదురుచూసి గా బండ మీదనే పానం ఇడిసిండ్రు."

"జర ఓపిక పట్టు. రెండు నిమిషాల్ల పోదాం."

జాకీ పెట్టి ఎడమ చక్రం దగ్గర రింగు తిప్పాడు. పత్తి చేల మీదుగా గాలి పొడిగా వీస్తోంది. బండి ఆ పక్క లేచింది. జాకీ తీసుకుని కుడిపక్కకు వచ్చాడు. అప్పుడు గాలి ఆగిపోయింది. కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. ఎక్కడినుంచో బోరునీళ్ల వాసన, చప్పగా, తుప్పు తుప్పుగా...

కిర్ర్...

ఎడమ చక్రం దగ్గర.

కిర్ర్... కిర్ర్...

సోమన్న తన చేతిని చూసుకున్నాడు. పానా చేతిలోనే ఉంది.

పరుగున అటు వచ్చాడు. తాను పైకి తిప్పిన రింగు మొదటికన్నా కిందికి వచ్చేసింది. బండి ఎడమకు వంగింది. బండ వైపునుంచి చప్పుడు... కర్ర నేలకు తాకినట్టు. తర్వాత కాలు ఈడ్చినట్టు. మళ్లీ కర్ర. బ్యాటరీ లైటు వేశాడు. బండ ఖాళీగా ఉంది. చప్పుడు మాత్రం దగ్గరికి వస్తోంది...

అతని కళ్ల ముందే ఎడమ తలుపు దానంతట అదే తెరుచుకుంది. బండి ఇంకాస్త దిగింది. అండాలు మెల్లగా స్టీరింగు వైపు జరిగింది.

సోమన్న స్టీరింగు పక్కకు ఉరికి ఆమె చేయి పట్టుకున్నాడు. "ఎందుకు జరిగినవ్? దిగు!"

"నెమ్మది..." అంది అండాలు. "ఆమె గూడ వస్తదట."

"ఎవరు?"

"బండి వంగింది గద అని ఎక్కింది. నా కొంగు పట్టుకుంది. ఇడుస్తలేదు."

లాగాడు. బతిమాలాడాడు. ఎల్లమ్మకు మొక్కాడు, నోటికొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాడు. ఆమె చేయి వచ్చింది గానీ మనిషి కదల్లేదు. ఇంకేం చేస్తాడు? ఊళ్లోకి పరుగెత్తి ఎవరినైనా పిలవాలంటే ఆమెను అక్కడ ఒంటరిగా వదలాలి. ఎక్కి కూర్చుని బండి నడిపాడు. ఏడుస్తూనే నడిపాడు.

దారంతా బండి కడుపు రాళ్లకు గీరుకుంటూనే వచ్చింది. అండాలు భుజం అతని భుజానికి వెచ్చగా ఆనుకుని ఉంది. ఆ వెచ్చదనం ఒక్కటే ధైర్యం. ఆమెకు అవతల ఏముందో సోమన్న ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఏమైపోతాడో అతనికే తెలుసు.

ఇల్లు చేరేసరికి వాడకట్టులో కరెంటు లేదు. ఎడమ తలుపు తెరుచుకుంది. అండాలు దిగింది. అదే చీర, అదే కొప్పు. గొళ్లెం తీసి ఇంట్లోకి పోయింది. సోమన్న స్టీరింగు మీద తల ఆనించి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. బతికిపోయాం అనుకున్నాడు.

అప్పుడు తట్టింది.

ఆమె మెట్లు ఎక్కింది. చకచకా. నిటారుగా...

తల తిప్పాడు. పక్కన సీటు ఖాళీ. కానీ అతని భుజానికి ఆ వెచ్చదనం ఇంకా ఆనుకునే ఉంది. బండి ఎడమకు ఇంకా వంగే ఉంది.

"అండాలూ..."

"ఏమయ్యా..." ఖాళీ సీటులోంచి, సన్నగా. "నన్ను దించవా?"

గబగబా దిగి అటు తిరిగి వచ్చాడు. రెండు చేతులూ లోపలికి చాచాడు. చేతుల్లోకి బరువు వచ్చింది. కళ్లకు ఏమీ కనబడదు. కానీ ఆ బరువు అతనికి తెలుసు, పెళ్లయిన నాటినుంచీ ఎత్తిన బరువే. గుండెలకు హత్తుకుని లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు.

వెనక గుమ్మంలోంచి పిలుపు వచ్చింది. అదే గొంతు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్? లోపలికి రా, బువ్వ పెడత."

"పోకు..." అంది చేతుల్లోని బరువు.

"పోను. నేనెక్కడికీ పోను..."

బండి కింద కిర్రుమంది. రింగు ఈసారి అటువైపు తిరుగుతోంది. సీటు అతని నడుము దాకా లేచింది. తర్వాత ఛాతీ దాకా... మర అయిపోయిన చోట కూడా ఆగలేదు. మునివేళ్ల మీద నిలబడి, చేతులు పైకి చాచి పట్టుకునే ఉన్నాడు సోమన్న. బండి ఇంకా లేస్తూనే ఉంది.