సీసా తొడుగులో మూడు వరసలు

బుధవారం ఉదయం చిపివా సంచి సర్దుతుంటే తల్లి ముచనేత గుమ్మంలో కూర్చుని అల్లుతోంది. గళ్ళ సంచి అడుగున పన్నెండు క్రోషియా బల్లగుడ్డలు, వాటి మీద ఒక మంచం దుప్పటి, ఆ పైన రెండు జతల బట్టలు. సరిహద్దు అవతల జొహానెస్‌బర్గ్ తీసుకెళ్ళి ఇంటింటికీ తిరిగి అమ్మాలి. తమ ఊరు గుటులో ప్రతి ఇంట్లోనూ అల్లేవాళ్ళే, కొనేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ ముచనేతే వెళ్ళొచ్చేది. మోకాళ్ళు వాచి లేవలేకపోతుండడంతో ఈసారి కూతురు బయలుదేరింది.

ఒక్కటే మిగిలింది. వేరుశనగ ముద్ద నింపిన గాజు సీసా. అక్కడ ఉండడానికి చోటిచ్చే ఇంటావిడకు అది ఇవ్వాలి. ఈ ఊరి ఆడవాళ్ళు సీసాను ఉత్తగా చేతికివ్వరు. తొడుగు లేని సీసాతో గుమ్మం ఎక్కితే అడుక్కోవడానికి వచ్చినట్టు లెక్క. తొలిసారి వెళ్ళే పిల్లకు ఆ తొడుగు తల్లే అల్లాలి. అది పూర్తికాకుండా పిల్ల గడప దాటకూడదు.

"ఎంతవరకు వచ్చిందమ్మా?"

"సీసా నడుము దాకా."

"మూడు రోజుల నుంచీ నడుము దగ్గరే ఉంది. అల్లేది సీసాకా, ఏనుగుకా?"

"బిగుతైపోతోందే. ఎక్కిస్తే ఎక్కట్లేదు. విప్పాను."

అబద్ధం కాదు. భయం వేస్తే ముచనేత చేయి బిగుసుకుంటుంది, ముడిలో సూది దూరదు. కానీ చిపివా బోరింగుకు నీళ్ళకు వెళ్ళిన ప్రతిసారీ, బాగా వచ్చిన వరసలు కూడా ఆమె మూడేసి విప్పేస్తోంది. ముచనేత ఏడేళ్ళ వయసులో తండ్రి గనులకు వెళ్తుంటే సంచి మూతి పట్టుకుని నిలబడింది. పాతికేళ్ళ వయసులో మొగుడి సంచి తనే సర్దింది. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు.

పక్కింటి ఎనిసియా నవ్వుకుంటూ వచ్చింది. ముచనేతతో కలిసి నాలుగుసార్లు సరిహద్దు దాటిన మనిషి. ఈసారి చిపివాను వెంటబెట్టుకుని వెళ్ళాల్సింది తనే.

"సిద్ధమేనా పిల్లా? రేపు పొద్దున ఆరింటికే బస్సు."

"సీసాకి చొక్కా కాలేదు పిన్నీ."

"నేనైతే మా ఆయన పాత మేజోడు తొడిగి పట్టుకుపోతాను."

"నువ్వు చేస్తావమ్మా, నీకు సిగ్గేదీ," అంది ముచనేత. తర్వాత తల ఎత్తకుండానే, "సోమవారం బస్సుకి పోదురుగాని. నువ్వూ ఆగరాదూ?" అంది.

"కుదరదక్కా. ఆ ఇంటావిడ కూతురి పెళ్ళికి నా దుప్పటి శనివారానికి అందాలి. నేను ముందు పోతాను. పిల్ల వచ్చేదాకా అక్కడే ఉంటాలే."

ముచనేత చేతిలో సూది ఆగింది. సరిహద్దు దాటాక బస్సు దిగి వ్యాను ఎక్కాలి. ఆ వ్యానులో ఆడది ఒంటరిగా ఎక్కకూడదు, ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు మేలుకుని ఉండాలి. ఆ నియమం పెట్టింది ముచనేతే. నాలుగు ప్రయాణాల్లోనూ ఇద్దరూ దాన్ని తప్పలేదు.

"ఒక్కదానివే..." అంది.

"ఒక్కదాన్నేంటక్కా, బస్సులో డెబ్బైమంది ఉంటారు! తొక్కి చంపకపోతే చాలు."

ఇంకో గంట కూర్చుంటే తొడుగు అయిపోతుంది. ఆ సంగతి ముచనేతకు తెలుసు. అల్లిక చుట్టి పక్కన పెట్టేసింది. గురువారం పొద్దున్నే ఎనిసియా తలమీద మూటతో మంచులో నడిచి వెళ్ళింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ముచనేత తన చెయ్యి పైకెత్తలేకపోయింది.

శనివారం చిపివా నీళ్ళ బిందె దించి తిన్నగా తల్లి ముందుకు వచ్చింది.

"అమ్మా, పదకొండో వరసలో ఎర్ర దారం కట్టాను. అదేదీ?"

"ఏ దారమే?"

"లెక్క తప్పకుండా గుర్తుకి కట్టమని నేర్పింది నువ్వే. నేను వెళ్ళేటప్పుడు పదకొండు వరసలున్నాయి. ఇప్పుడు ఎనిమిది. ఎలకలు విప్పాయా?"

ముచనేత పిడికిలి విప్పింది. చెమటకు తడిసిన ఎర్ర దారం ముక్క అరచేతికి అంటుకుని ఉంది.

"నన్ను కట్టేస్తున్నావు కదూ? ఇరవై మూడేళ్ళొచ్చాయి నాకు. మంచం కింద అల్లికల మూటలు పేరుకుపోయాయి. నువ్వు నడవలేవు, నన్ను నడవనివ్వవు. మరి ఎవరు బతికిస్తారు మనల్ని?"

"నువ్వు కూడా పోతే నాకెవరున్నారే!"

"పోవడం వేరు, వెళ్ళిరావడం వేరు. నువ్వు నాలుగుసార్లు వెళ్ళొచ్చావు. అప్పుడు ఈ గుమ్మంలో కూర్చుని నేనేం విప్పాను?"

ఆ మాట సూటిగా తగిలింది. ముచనేత చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. చిపివా పక్కనే చతికిలబడి తల్లి తల భుజానికి ఆనించుకుంది.

"నీ చెయ్యి బిగుతు, నా చెయ్యి వదులు. నువ్వు సీసా పట్టుకో, నేను అల్లుతాను. చివరి వరస నువ్వే వెయ్యి."

సాయంత్రానికి తొడుగు సీసా మెడ దాకా చక్కగా కూర్చుంది. సోమవారం ఊళ్ళోని ఇద్దరు ఆడవాళ్ళను తోడు ఒప్పించి ముచనేతే కూతుర్ని బస్సెక్కించింది. ఏడవలేదు.

గురువారం దుకాణంలో ఫోను వచ్చిందని కబురొస్తే కర్ర ఊతంగా వెళ్ళింది.

"చేరానమ్మా, బాగున్నాను. కానీ ఎనిసియా పిన్ని ఇక్కడ లేదు. శనివారం పెళ్ళికి దుప్పటి కూడా అందలేదట. వెనక్కి వచ్చేసిందా?"

ముచనేత ఫోను పెట్టేసింది. అక్కడినుంచి ఇంటికి వెళ్ళలేదు, ఎనిసియా మొగుడు గరికాయి దగ్గరికి వెళ్ళింది. అతను పెరట్లో పిల్లలకు మొక్కజొన్న గంజి వడ్డిస్తున్నాడు.

"రా అక్కా. మా ఆవిడ నుంచి ఏమైనా కబురా?"

"తొడుగు పోయిన గురువారానికే అయిపోయేది తమ్ముడూ," అంది ముచనేత. "నేనే విప్పాను. నా పిల్లను ఆపుకుని, నీ పెళ్ళాన్ని ఒంటరిగా పంపాను. తను అక్కడికి చేరలేదట."

గరికాయి గరిటె దించలేదు. పిల్లలు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు.

చిపివా సెప్టెంబరు ఇరవైన ఇంటికి తిరిగొచ్చింది. ఎనిసియా రాలేదు. ఆమె వెళ్ళింది 1996 ఆగస్టు ఎనిమిదిన, గురువారం, పొద్దున ఆరింటి బస్సులో.