గుండీల కొట్టు

ఆదివారం పొద్దున్న స్నానం చేసి హాల్లోకి వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. వంటింట్లో ఉండాల్సిన డబ్బాలన్నీ సోఫా ముందు బారులు తీరి ఉన్నాయి. ఇస్త్రీ బల్ల వెనక, స్టూలు మీద ఆరేళ్ల కూతురు బుజ్జి దర్జాగా కూర్చుంది. ఎదురుగా చేతిలో సంచితో అత్తగారు.

"పంచదార ఎంతండీ?"

"నాలుగు గుండీలు."

"మరీ అన్యాయం! పక్క కొట్లో మూడేగా?"

"అయితే అక్కడికే వెళ్లండి," అంది బుజ్జి తల ఎగరేసి. అత్తగారు పది గుండీలిచ్చి, పంచదారా సబ్బూ సంచిలో వేసుకుంది.

అత్తగారు ముప్పయ్యేళ్లు బట్టలు కుట్టిన మనిషి. ఆవిడ దాచుకున్న రంగురంగుల గుండీలే ఆ కొట్లో డబ్బులు.

కోడలికి మాత్రం నవ్వు రాలేదు. బుజ్జికి తీసివేతలు బొత్తిగా రావడం లేదని టీచరు చెప్పినప్పటి నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"లెక్కల పుస్తకం తీయించమంటే ఆటలాడిస్తున్నారా అత్తయ్యా? దాన్ని చెడగొడుతున్నది మీరే!"

మాట జారింది. అత్తగారి ముఖం చిన్నబోయింది. సంచి పట్టుకుని తన గదివైపు కదిలింది.

"ఆగండాగండి! చిల్లర తీసుకోరేం?" బుజ్జి గట్టిగా పిలిచింది. "పదిచ్చారు. పంచదారకి నాలుగు, సబ్బుకి మూడు. ఇవిగో, మీ మూడు."

పుస్తకం తెరిస్తే బిక్కచచ్చిపోయే పిల్ల, తడుముకోకుండా మూడు గుండీలు లెక్కపెట్టి నానమ్మ చేతిలో పోసింది.

"ఇదెప్పుడు నేర్చుకున్నావే?" అంది తల్లి ఆశ్చర్యంగా.

"నేర్చుకోలేదమ్మా, కొట్టు నడుపుతున్నా."

కోడలు సోఫాలో కూలబడిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చిన్నప్పుడు లెక్క తప్పితే నాన్న స్కేలు తీసేవారు అత్తయ్యా. పుస్తకం చూస్తేనే చెమటలు పట్టేవి. దీనికి ఆ భయం వద్దనుకున్నా. చివరికి నేనే మా నాన్ననైపోయాను. నన్ను క్షమించండి."

"పిచ్చిపిల్లా!" అత్తగారు పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది. "నేను మాత్రం ఏం చదివాను? చొక్కాల కొలతలే నాకు లెక్కలు నేర్పాయి. చేతికి అందితే బుర్రకి అదే ఎక్కుతుంది."

"కొట్లో ఏడిస్తే గిరాకీ పోతుంది," బుజ్జి విసుక్కుంది. "కొనేవాళ్లయితే లైన్లోకి రండి!"

అత్తాకోడళ్లు పకపకా నవ్వుతూ లేచి, ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డారు.

"ఇద్దరం కలిసొచ్చాం. ఏమైనా తగ్గిస్తారా?" కళ్లు తుడుచుకుంటూ అడిగింది కోడలు.

బుజ్జి కాసేపు ఆలోచించింది.

"ఒక గుండీ తగ్గిస్తా. కానీ ఎప్పుడూ కలిసే రావాలి."