మెడ కాల్చని బంగారం

హల్లవేసి పట్నంలో ఆ ఉదయం మైనస్ ముప్ఫై డిగ్రీలు. భద్రతా విభాగం ఆఫీసులో కూర్చున్న ఏజెంట్ ఇర్యా కెట్టునెన్‌కి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. గోడ మీది తెర నిండా ఒక ఫొటో. ఆమె భర్త, సాటి ఏజెంటు అయిన వెయికో, ఒక అందగత్తె మెడలో బంగారు గొలుసు వేస్తున్నాడు.

"ఆపరేషన్ కుంపటి," అన్నాడు చీఫ్ సల్మెలా. "ఈవిడ వివియెన్ లజార్. విదేశీ ముఠాలో పనిచేస్తోంది. రహస్యంగా మన మనిషి. డబుల్ ఏజెంట్."

"ఎవరి మనిషో అంత గట్టిగా చెప్పకండి," అంది ఇర్యా.

"ఇర్యా, నీ కుళ్ళుమోత్తనం ఇంటి దగ్గర వదిలేసి రా."

"ఇంటి దగ్గర మొగుడుంటే కదా వదలడానికి. రోజూ ఆవిడతోనే భోజనాలాయె."

వెయికో చూపు నేలకి దించాడు. "డ్యూటీ కదా ఇర్యా."

"గొలుసు కూడా డ్యూటీయేనా?"

"ఆవిడే అడిగింది. నమ్మకం కుదరాలంటే ఏదో ఒకటి ఇవ్వాలిగా. ఆఫీసు ఖర్చే."

"షాపులో నా మెడకి పెట్టి చూసి మరీ కొన్నావు. నాకే అనుకున్నాను."

ఆ గొలుసు బరువు, దాని కొసన వేలాడే బిళ్ళ చల్లదనం ఇర్యా మెడకి ఇంకా గుర్తే. నెల రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు. వివియెన్ మోసగత్తె అని చెప్పినప్పుడల్లా వెయికో విసుక్కున్నాడు. చివరికి మాట్లాడటమే మానేశాడు.

చీఫ్ అసలు సంగతిలోకి దిగాడు. హల్లవేసి ఇళ్ళలో చలి కాచుకునే పొయ్యిలు లేవు. సరస్సు ఒడ్డున ఉన్న పంప్‌హౌస్ నుంచి వేడినీళ్ళు గొట్టాల్లో ప్రతి ఇంటికీ, ఆస్పత్రికీ వెళ్తాయి. ఆ పంపులు ఆగిపోతే ఈ చలికి సాయంత్రంలోగా గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, పగలగొట్టుకుని బయటికొస్తాయి. పసిపిల్లలతో, రోగులతో సహా పట్నం పట్నమంతా ఖాళీ చేయాలి. మధ్యాహ్నం ముఠా మనుషులిద్దరు పంప్‌హౌస్‌లోకి చొరబడతారని వివియెన్ సమాచారం ఇచ్చింది.

"వెయికో, నీ టీమ్‌తో లోపల మాటు వెయ్యి. అంతా సవ్యంగా ఉంటే వైర్‌లెస్‌లో చెప్పాల్సిన మాట, 'కుంపటి వెచ్చగా ఉంది.' ఇర్యా, నువ్వు ఆవిణ్ణి ఎదుటి ఒడ్డున ఉన్న సౌనాకి తీసుకెళ్ళు. మన పాత పద్ధతే."

ఆ పద్ధతి ఆ దేశపు గూఢచారులందరికీ తెలిసిందే. సౌనా అంటే ఆవిరి స్నానాల గది, అందులోకి ఎవరూ బట్టలతో వెళ్ళరు. అతిథి లోపల చెమటలు కక్కుతుంటే బయట ఆ బట్టల్నీ సంచినీ తాపీగా సోదా చేస్తారు.

"ఆ సౌనాయే ఎందుకు?" అడిగింది ఇర్యా.

"ఆవిడే ఏరికోరి అడిగింది."

బట్టల గదిలో ఏజెంట్ సీర్కా తువ్వాళ్ళు అందించే పనిమనిషి వేషంలో ఉంది. ఇర్యా పెళ్ళి ఉంగరంతో సహా అన్నీ తీసి ఆమెకిచ్చింది. పిస్తోలు లేదు, చెవిలో ఇయర్‌పీస్ లేదు. వివియెన్ కూడా అన్నీ విప్పేసింది, గొలుసు తప్ప.

"ఇది తియ్యనని మీ ఆయనకి మాటిచ్చాను," అంది నవ్వుతూ.

సీర్కా తువ్వాలు అందించి పక్కకి తప్పుకుంది. ఆ గొలుసు తమ ఆఫీసే కొనిచ్చింది, సోదా చేయాల్సిన పనేముంది? ఇర్యా పళ్ళు నూరుకుంది.

లోపల తొంభై డిగ్రీలు. ఇద్దరూ చెక్క బల్ల మీద కూర్చున్నారు. వివియెన్ మేని నిగనిగలు చూస్తుంటే ఇర్యాకి తన మోకాళ్ళూ, తన నడుమూ తనకే నచ్చలేదు.

"వెయికోకి సాల్మన్ సూప్ అంటే ప్రాణమట," అంది వివియెన్ తీరిగ్గా. "ఇంట్లో ఉప్పెక్కువవుతుందని పాపం ఒకటే బాధ."

"మరి మీ చేతి వంట తిన్నాడా?"

"నేను వండుతానా? ఆయనే వండి పెట్టాడు."

పదకొండేళ్ళ కాపురంలో వెయికో ఆమెకు టీ కూడా కాచివ్వలేదు. ఇర్యా గరిటె అందుకుని మూలనున్న పొయ్యి మీద కాలుతున్న రాళ్ళ పైన నీళ్ళు గుమ్మరించింది. సుయ్యిమని ఆవిరి లేచి ఇద్దరి భుజాలనూ కప్పేసింది. ఇంకో గరిటె పోసింది. మరొకటి. ఆ బంగారం కాగి, ఆవిడ మెడ చుట్టూ వాత పడాలి. గొలుసు లాగి విసిరికొట్టి ఏడుస్తూ పరిగెత్తాలి. ఇర్యాకి కావలసింది అంతే. దేశభద్రత ఆ క్షణాన ఆమె మనసులో ఏ మూలా లేదు.

వివియెన్ కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుంది. ఎర్రబారిన ఎద మీద బిళ్ళ మెరుస్తూనే ఉంది.

ఇర్యా చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడు సౌనా బల్లలో పైకి తేలిన ఒక మేకు మీద కూర్చుని ఆమె గావుకేక పెట్టింది. బల్లా, మేకూ ఒకే గదిలో ఒకే వేడిలో ఉంటాయి. చెక్క తన వేడిని పిసినారిలా కొద్దికొద్దిగా ఇస్తుంది. లోహం ఉన్నదంతా ఒక్క క్షణంలో ఒంటికి అప్పజెప్పేస్తుంది. అందుకే ఆ దేశంలో సౌనా బల్లలకి మేకులు కింది నుంచి కొడతారు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే నగలు తీసేస్తారు. ఇంత ఆవిరిలో నిజమైన బంగారం ఈపాటికి చురక పెట్టాలి. ఇది పెట్టలేదంటే బంగారం కాదు.

వెయికో ఈవిడకి గిల్టు నగ అంటగట్టాడా? ఇర్యాకి ఆనందం ఆగలేదు. అంతలోనే షాపులో తన మెడ మీది ఆ చల్లదనం, ఆ బరువు గుర్తొచ్చాయి. వెయికో కొన్నది బంగారమే. మరి ఎవరో మార్చారు. వేడి లోపలికి దిగని పింగాణీ లాంటి పదార్థంతో అచ్చు అలాంటిదే చేసి, పైన బంగారు పూత పూశారు. వేడి తగలకూడని వస్తువేదో లోపల ఉంది. భద్రతా విభాగం వాళ్ళు సోదా చేయని వస్తువు ఒక్కటే, తాము ఇచ్చిన కానుక.

వివియెన్ లేచింది. "మధ్యాహ్నమైనట్టుంది. వరండాలోకి వెళ్ళి చల్లగాలి పీల్చుకుంటా. అక్కడి నుంచి పంప్‌హౌస్ చక్కగా కనిపిస్తుందటగా. పాపం, మీ ఆయన లోపలే ఉన్నాడు కదూ?"

ఇర్యాకి అంతా అర్థమైంది. చొరబడే మనుషులెవరూ లేరు. వెయికోని, అతని టీమ్‌ని ఒకచోట పోగు చేసి పంపులతో సహా పేల్చేయడానికే ఆ సమాచారం. పేల్చే మీట ఆ బిళ్ళలోనే ఉంది. ఇప్పుడు అరిస్తే సీర్కా అయినా నమ్మదు, మళ్ళీ కుళ్ళుకుంటోందనే అనుకుంటుంది. ఆమె వివియెన్ వెనకే వరండాలోకి నడిచింది.

సరస్సు తెల్లగా గడ్డకట్టి ఉంది. వరండా మెట్ల కింద, మునకలు వేయడానికి మంచు కోసిన చోట మాత్రం నల్లటి నీళ్ళు. వివియెన్ అవతలి ఒడ్డుకేసి తిరిగి బొటనవేలు బిళ్ళ మీదికి తెచ్చింది.

"మా పద్ధతి ఇంకోటుంది," అంది ఇర్యా.

రెండు చేతులతో ఆవిడ నడుం వాటేసుకుని మెట్ల మీంచి దూకింది. ఇద్దరూ కలిసి ఆ నల్లటి నీళ్ళలో పడ్డారు. ఊపిరి బిగిసిపోయింది. చేతి పక్కనే టప్‌మని చిన్న చప్పుడైంది. లాంతరు చిమ్నీ మీద నీటి చుక్క పడ్డట్టే, అంతసేపూ కాగిన బిళ్ళ పెంకు ఒక్కసారిగా చల్లబడి నిలువునా చీలింది. లోపలికి సరస్సు నీళ్ళు దూరాయి. వివియెన్ ఆ చీలిక మీదే వేలితో నొక్కుతోంది, మళ్ళీ నొక్కుతోంది. ఇర్యా ఆవిణ్ణి వదల్లేదు.

సీర్కా పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ బయటికి లాగింది. బిళ్ళ ముక్కల్లోంచి గోరంత బ్యాటరీ, వెంట్రుకలాంటి తీగ ఊడిపడ్డాయి.

"పంప్‌హౌస్‌కి చెప్పు," అంది ఇర్యా, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. "అంతా వెతకమను. త్వరగా."

సీర్కా వైర్‌లెస్‌లో చెప్పింది. జవాబు రాలేదు. అవతలి ఒడ్డుకేసి చూస్తూ ఇర్యా ఏడ్చేసింది. ఎవరి మెడలో ఏం వేసుకున్నా సరే, ఆ మనిషి బతికుంటే చాలనుకుంది. కాసేపటికి వైర్‌లెస్ గరగరమంది.

"గొట్టాలకి చుట్టిన దూది పొరల కింద బాంబు దొరికింది," అన్నాడు వెయికో. "తీగలు కోసేశాం. కుంపటి వెచ్చగా ఉంది."

సాయంత్రం చీఫ్ గదిలో ఇర్యా రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుంది. వెయికో ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, స్వయంగా కాచిన టీ అందించాడు.

"నువ్వు అనుమానించకపోతే ఈపాటికి నేను లేను," అన్నాడు తలెత్తకుండా. "ఇక మీదట అనుమానించు ఇర్యా. రోజూ అనుమానించు."

ఇర్యా టీ ఒక గుక్క తాగింది. పంచదార ఎక్కువైంది.

"దానికి నీ పర్మిషన్ అక్కర్లేదులే," అంది.