కాటా గది దగ్గర మూడు దెబ్బలు

ఆ ఎత్తు మీదున్న కాటా గది దగ్గర బండి ఆపకూడదంటారు. ఆపినవాళ్లెవరో, వాళ్లకేమైందో ఎవరికీ తెలియదు... చెప్పేవాళ్లకి మాత్రం కొదవ లేదు.

క్వారీ నడిచిన రోజుల్లో కంకర లారీలను తూకం వేసేది అక్కడే. ఒకనాటి సాయంత్రం కాటా గుమాస్తా గదిలో కునుకు తీస్తుంటే, లోపల మనిషి ఉన్నాడని చూసుకోకుండా ఎవరో బయట గడియ పెట్టి పోయారట. మర్నాటి నుంచి క్వారీకి సెలవులు. రోడ్డు మీద బండ్లు పోతూనే ఉన్నాయి, లోపల ఆయన తలుపు తడుతూనే ఉన్నాడు... ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? గడియ తీసేసరికి ఐదు రోజులు. అంతా అయిపోయింది. అప్పటినుంచి అటు పోయే బండ్లను తడతాడని చెప్పుకుంటారు. మూడేసి దెబ్బలు.

నేను ఇలాంటివి నమ్మే రకం కాదు. కానీ ఇది జరిగింది మా మావయ్యకి. ఆయనకి కథలు అల్లేంత తెలివి లేదు, అదీ నా బాధ.

మా నాన్న మెకానిక్. మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, సొంత కారు అద్దెకి తిప్పుకునేవాడు. ఆ కారు తిరిగితేనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది. అదొకరోజు పొగ కక్కుకుంటూ వచ్చి నాన్న షెడ్డు ముందు కూలబడింది. నాన్న ఇంజన్ దించి, అరిగిన సిలిండర్లని లోపల చెక్కించి, అదే బోరు కొట్టించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేసి, పంతొమ్మిది రోజులకి మళ్లీ ఎక్కించాడు. బోరు కొట్టించడం అది మూడోసారి. ఇంకోసారి కొట్టించడానికి బ్లాకులో ఇనుము మిగల్లేదు. ఈ ఇంజన్ పోతే కారు పోయినట్టే.

కొత్తగా చేసిన ఇంజన్ని మొదటి వంద కిలోమీటర్లు బాలింతలా చూసుకోవాలంటాడు నాన్న. అరవై దాటకూడదు. అలాగని ఒకే వేగంతో పోకూడదు, పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ఎత్తు వస్తే చిన్న గేరులో మెల్లగా ఎక్కాలి. పగలు వేడి, పైగా రద్దీ... కాబట్టి చీకటి పడ్డాకే బయల్దేరాలి. ఇవన్నీ ఒకెత్తు, ఆఖరిది ఒకెత్తు.

"లోపల టక్ టక్ మని కొట్టిందా, అక్కడికక్కడే ఆపెయ్. ఇంకొక్క గజం కూడా పోనివ్వకు. పోనిచ్చావా... ఇక నా దగ్గరికి రాకు."

మావయ్య బుద్ధిగా తలూపాడు. నాన్న బండి చుట్టూ ఇంకోసారి తిరిగి, వెనక ఇరుసు దగ్గర ఏదో సన్నగా మూలుగుతోందని గొణిగి, "టీ తాగి రా, బండి తీద్దువుగాని" అన్నాడు.

మావయ్య టీ తాగి వచ్చేసరికి షెడ్డులో ఎవరూ లేరు. తాళం కారుకే ఉంది. బావ భోజనానికి ఇంటికెళ్లాడనుకుని, చెప్పినట్టే బండి తీశాడు.

మొదటి ముప్పై కిలోమీటర్లు ఇంజన్ కమ్మగా పాడింది. కొత్త నూనె కాలే వాసనకి అద్దాలన్నీ దించేశాడు. గాలి హోరు, ఇంజన్ హోరు. వెనక నుంచి వచ్చిన ప్రతివాడూ హారన్ కొట్టి దాటిపోయాడు. చివరికి ఇద్దరు మనుషులూ ఒక గ్యాస్ బండా ఉన్న మోపెడ్ కూడా దాటిపోయింది. మావయ్య సిగ్గు చంపుకుని యాభై దాటలేదు.

అప్పుడు ఎత్తు వచ్చింది.

రెండో గేరు వేశాడు. వేగం పాతికకి పడిపోయింది. పైన, లైట్ల వెలుగు అంచున, కాటా గది... తలుపు మూసే ఉంది. ఎదురుగా బండి లేదు, వెనక బండి లేదు.

టక్... టక్... టక్.

కాలు దానంతటదే బ్రేకు మీదకి పోయింది. ఆపెయ్యమన్నాడు బావ. ఒక్క గజం కూడా వద్దన్నాడు. కానీ ఆపితే... ఇక్కడా?

మళ్లీ మూడు. ఈసారి మెల్లగా.

మావయ్యకి ఏడుపొచ్చింది. ఆపకపోతే ఇంజన్ పోతుంది, పిల్లలకి తిండి పోతుంది. ఆపితే ఏం పోతుందో ఆలోచించే ధైర్యం లేదు. గట్టిగా తొక్కి పారిపోదామంటే కొత్త ఇంజన్, ఎదురుగా ఎత్తు. పాతికేళ్లుగా బండి నడుపుతున్న మనిషి... ఆ పాతిక కిలోమీటర్ల వేగంలో ఏమీ చేయలేక కూర్చున్నాడు.

అప్పుడే ఒక సంగతి గుర్తొచ్చింది. ఇంజన్ లోపలి దెబ్బయితే తొక్కినకొద్దీ జోరెక్కాలి, వదిలితే నెమ్మదించాలి. కాస్త తొక్కాడు. ఇంజన్ గొంతు పెరిగింది... తట్టుడు పెరగలేదు. వదిలాడు. తట్టుడు తగ్గలేదు.

గట్టిగా మూడు... ఆగి, మెల్లగా మూడు. గట్టిగా మూడు... మెల్లగా మూడు.

ఇంజన్ బాగానే ఉంది. తట్టేది ఇంజన్ కాదు.

అంత సంతోషం, అంత భయం ఒక్కసారే వచ్చిపడితే మనిషి ఏమవుతాడో నాకు తెలియదు. మావయ్య మాత్రం ముందుకి చూస్తూ, అద్దంలోకి చూడకుండా, పాతికలోనే ఆ గది ముందు నుంచి పోయాడు. ఎత్తు దిగేటప్పుడు గట్టి దెబ్బలు ఆగిపోయాయి. మెల్లగా తట్టేవి ఇంకో మూడుసార్లు వినపడి... అవీ ఆగిపోయాయి.

పది కిలోమీటర్ల అవతల పెట్రోలు బంకు. ఆ వెలుగులోకి వెళ్లాకే బండి ఆపాడు. బానెట్ ఎత్తాడు. అంతా శుభ్రంగా ఉంది. బానెట్ మూశాడు.

టక్... టక్.

వెనక. డిక్కీలో.

బంకు కుర్చీలో నిద్రపోతున్న ముసలాయన్ని లేపి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన పక్కన నిలబెట్టుకుని మరీ డిక్కీ తెరిచాడు మావయ్య.

లోపల మా నాన్న. ముడుచుకుని, చెమటతో తడిసి, చెప్పులు తలకింద పెట్టుకుని.

"ఇంజన్... వేడెక్కిందా?" అన్నాడు. ముందు ఆ మాటే అన్నాడు.

మావయ్య నేల మీద కూలబడి ఏడ్చాడు. వెనక మూలుగు ఎక్కడుందో పట్టుకోవాలంటే డిక్కీలో పడుకుని వినడం నాన్నకి అలవాటు. పనివాళ్లకి తెలుసు. వాళ్లే బండిని రెండు వీధులు తిప్పుతారు, మూడుసార్లు తడితే ఆపి తీస్తారు. మావయ్యకి తెలియదని నాన్నకి తట్టలేదు. డిక్కీ మూత పడి గొళ్లెం పట్టేసింది, బండి రెండు వీధుల దగ్గర ఆగలేదు.

ముసలాయన నీళ్లు తెచ్చిచ్చాడు. నాన్న తాగాక, మావయ్య ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. కాటా గది దగ్గర అన్నిసార్లు తట్టావు బావా, వినపడుతూనే ఉంది, దెయ్యం అనుకుని ఆపలేదు, నన్ను క్షమించు అన్నాడు.

"నువ్వు ఆపావు కదరా," అన్నాడు నాన్న.

మావయ్య తలెత్తి చూశాడు.

ఊరు దాటేదాకా తట్టి తట్టి తన చేతులు పడిపోయాయన్నాడు నాన్న. ఆ హోరులో ఎవరికీ వినపడదని తెలిసి, ఊపిరైనా మిగుల్చుకుందామని ఊరుకున్నాడట. కళ్లు మూతలు పడుతుంటే... సరిగ్గా ముఖం మీద, డిక్కీ మూత మీద, బయట నుంచి ఎవరో మూడుసార్లు తట్టారు. బామ్మర్ది బండి ఆపాడు, తెరుస్తున్నాడు అనుకుని, ఉన్న బలం కూడదీసుకుని లోపల నుంచి తనూ మూడుసార్లు తట్టాడు. మళ్లీ బయట నుంచి మూడు. మళ్లీ తను మూడు.

"అంతసేపూ ఎందుకు తెరవలేదా అని తిట్టుకున్నాను నిన్ను."

"ఆపలేదు బావా," అన్నాడు మావయ్య. "షెడ్డు దగ్గర తీసిన బండి... ఇక్కడే ఆపాను."

నాన్న వచ్చిన దారి వైపు తిరిగి చూశాడు. మెల్లగా, తనలో తనే అనుకున్నట్టు, "లోపల మనిషున్నాడని వాడొక్కడికే తెలిసింది," అన్నాడు.

వంద కిలోమీటర్లూ నిండకుండా ఆ రాత్రి ఇంటికి రాలేదు వాళ్లు. మిగతా దూరమంతా నాన్న ముందు సీట్లోనే కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో ఎత్తు మీద ఆపమంటే మావయ్య ఆపనన్నాడు. నాన్నే హ్యాండ్ బ్రేకు మీద చెయ్యేసినంత పని చేసి ఆపించి, స్పానర్లు తీసుకుని, ఒక్కడే దిగాడు.

ఆ గది గడియ ఇప్పటికీ మా షెడ్డు గోడకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఊడదీస్తున్నంతసేపూ లోపలి నుంచి ఏమైనా వినపడిందా అని నాన్నని అడిగితే, లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతాడు.