కోరినవారు: ఉదయ్, తిరుమల

హన్మకొండ చౌరస్తా దగ్గరి సెల్‌ఫోన్ షాపులోకి ఉదయ్ అడుగు పెట్టక ముందే తిరుమలకు తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా మూడు.

తప్పు ఆమెది కాదు. పొద్దున్నుంచీ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య తిరిగి, చొక్కా అయినా దులుపుకోకుండా వచ్చినవాడిది. కౌంటరు దగ్గరున్న ఇద్దరు కస్టమర్లు కూడా తుమ్మి అతని వైపు గుర్రుగా చూశారు.

"ఏం గావాలె అన్నా?" ముక్కు తుడుచుకుంటూ అడిగింది తిరుమల.

"రేడియో గావాలె."

"రేడియోలు మా బాపు అమ్మేటోడు. ఇప్పుడు ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు, డిస్‌ప్లే మార్చుడు. గివే."

"డబ్బా రేడియో గాదు, ఫోన్ల వచ్చే రేడియో. మా నాయినమ్మకు కండ్ల ఆపరేషన్ అయింది. నెల రోజులు టీవీ చూడొద్దన్నరు. పాటలు పెట్టుమని పానం తీస్తాంది."

"పాత సినిమా పాటల యాప్ ఉంది, ఏసిస్త."

"అవి గాదు." ఉదయ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంగ్లిష్ పాటలు."

"అవ్వకు ఇంగ్లిష్ వస్తదా?"

"తెలుగుల సంతకం గుడ రాదు."

సంగతేమిటంటే, ఆ నాయినమ్మ, సమ్మమ్మ, కాజీపేట రైల్వే గ్యాంగ్‌మన్ బిడ్డ. పదేళ్ళప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవర్ బంగ్లాలో మొక్కలకు నీళ్ళు పోసేది. సాయంత్రాలు ఆ ఇంటి దొరసాని గ్రామఫోన్ మీద ప్లేట్లు పెట్టేదట. గిటారు గూడ్సుబండి పోయినట్టు పోయేదట. పాడేవాడు ప్రతి లైను చివరా గొంతు విరిచి ఏడ్చేవాడట, వాడు ఆగితే ఫిడేలు ఏడ్చేదట. అరవై ఏళ్ళు దాటినా ఆ ఏడుపు సమ్మమ్మ చెవుల్లోంచి పోలేదు.

"జర పాడి చూపెట్టు" అంది తిరుమల.

"ఇక్కడనా?"

"ఎట్లుంటదో తెల్వకుంటే యాడని వెతకాలె?"

ఉదయ్ పాడాడు. మార్కెట్లో పిలిస్తే నాలుగు షెడ్ల అవతల హమాలీ పలికే గొంతు అది. ఇక్కడ పిల్లికూన గొంతయింది. కస్టమర్లు నవ్వాపుకోలేక బయటికి నడిచారు. తిరుమల మాత్రం కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి, అక్కడే నవ్వుకుని, పైకి లేచింది.

"ఇది కంట్రీ మ్యూజిక్."

"కంట్రీ అంటే నాటుకోడి లెక్కనా?"

"గట్లనే అనుకో. అమెరికా పల్లెటూరోళ్ళ పాటలు. రేపు రా అన్నా, తీసి పెడుత."

"వస్త గని, జర ఆ అన్నా అనుడు బంద్ చెయ్యి."

"కస్టమర్లందర్నీ గట్లనే అంటం."

"అందుకే బంద్ చెయ్యమంటాన" అన్నాడు ఉదయ్, అని తన మాటకు తనే కంగారుపడి గొడుగు మరిచి వెళ్ళిపోయాడు.

తిరుమలకు ఒక జబ్బుంది. 'నాకు తెలియదు' అనే మాట ఆమె నోట రాదు. ఆ మధ్యాహ్నం వాన పడి గిరాకీ లేకపోయేసరికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. కంట్రీ రేడియో అని కొడితే మొదట వచ్చినవన్నీ ఈ కాలపు మోత. డప్పులే గానీ ఏడుపు లేదు. పక్కన 'క్లాసిక్' అని చేర్చింది. అప్పుడు అసలు సరుకు బయటపడింది. కొన్ని స్టేషన్లు మీ దేశంలో వినపడవు పొమ్మన్నాయి. ఒకటి పాటకు మూడు ట్రాక్టరు యాడ్‌లు వేసింది. ఒకటి పేరుకే క్లాసిక్, లోపల అదే డప్పు. జల్లెడ పట్టగా పట్టగా, ఫిడేలూ గిటారూ కడుపునిండా ఏడ్చేవి ఆరు మిగిలాయి. ఆరింటినీ ఒక వారంటీ కార్డు వెనక రాసుకుంది.

మరునాడు ఉదయ్ వస్తే ఇచ్చింది ఒకటే.

ఒకటే ఎందుకు? ఆరు ఇస్తే ముసలామె తికమక పడుతుందని తనకు తాను చెప్పుకుంది. మనిషి తనకు చెప్పుకునే అబద్ధాలకు జీఎస్టీ లేదు కదా, ఎన్నైనా చెప్పుకోవచ్చు.

రెండు రోజులకు మళ్ళీ తుమ్ము, వెనకే ఉదయ్.

"ఆ స్టేషన్ బంద్ అయింది."

రెండోది ఇచ్చింది. మూడు రోజులకు అదీ బంద్ అయింది. ఈసారి తిరుమల అతని ఫోన్ లాక్కుని చూసింది. స్టేషన్ బంగారంలా ఉంది. ఫోన్లో దాని గుర్తే లేదు.

"ఎవలో చెరిపిండ్లు."

"నాయినమ్మ చెయ్యి తగిలిందేమో."

"నల్లద్దాలు పెట్టుకున్న అవ్వ, ఇన్నింట్ల ఏరి ఏరి దీన్నే చెరిపిందా?"

ఉదయ్ చూపు ఛార్జర్ల వైపు పారిపోయింది. దొరికిన దొంగను దులిపెయ్యాల్సింది. కానీ నాలుగు స్టేషన్లు దాచుకున్న మనిషి ఏ నోటితో అడుగుతుంది? దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుని మూడోది ఇచ్చింది.

అలా ఆషాఢం వానలన్నీ ఆ కౌంటరు దగ్గరే కురిశాయి. ఛాయ్‌లు తెప్పించుకున్నారు. అమెరికా వాళ్ళ పాటల్లో రైళ్ళు ఎందుకన్ని ఉంటాయి, కాజీపేట జంక్షన్ మీద ఒక్క పాటైనా ఎందుకు లేదు అని గంట కొట్లాడారు. తుమ్ము రాని రోజున తనకు పొద్దు పోవడం లేదని తిరుమలకు తెలిసిపోయింది. ఉదయ్ తండ్రి సారయ్య సేటు కొడుక్కి సంబంధాలు చూస్తున్నాడని కూడా తెలుసు. మిర్చి కమీషన్ అడ్తి నడిపే ఇల్లు, సంబంధాలకు కొదవా? ముందు తనే నోరు తెరిచి, ఆ అబ్బాయి నవ్వేస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని నోరు కుట్టేసుకుంది.

ఒక బుధవారం ఉదయ్ ఆమెను ఇంటికి తీసుకెళ్ళాడు, స్పీకరు పెట్టాలని. సమ్మమ్మ నల్లద్దాలతో మంచం మీద దర్జాగా కూర్చుని ఉంది.

"నువ్వేనా పిల్లా, మా పోరని ఫోన్ రోజూ ఖరాబు చేసేది?"

"నేను బాగు చేసేదాన్ని అవ్వా."

"ఏదో ఒకటి. ఇద్దరి వల్లా నా పాటలైతే ఆగుతానయ్."

తిరుమల తల వంచుకుని నాలుగో స్టేషన్ పెట్టింది. టెనెసీ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి రేడియో అది. మాట్లాడేది ఒక ముసలాయన. ఆదివారం పొద్దున ఏడుకు, అంటే మనకు సాయంత్రం ఐదున్నరకు, ఎవరు ఏ పాట కోరితే ఆ పాట వేస్తాడట. ఆ ముక్క చెప్పగానే సమ్మమ్మ నిటారుగా కూర్చుంది.

"కోరిన పాటలా? అయితే ఉత్తరం రాయి. మా అన్న రేడియోకు రాసేటోడు. ఇంటిల్లిపాది పేర్లు రాయాలె, ఒక్కటి తప్పినా అలుగుతరు. ముందుగాల నాది. తర్వాత సారయ్య, యాకమ్మ. పెద్దోడు వినయ్, శ్రీలత. నా బిడ్డ మల్లక్క, అల్లుడు రాజమౌళి. ఆఖరుకు మా ఉదయ్."

తిరుమల ఇంగ్లిష్‌లో టైప్ చేసింది. రైలు మీద ఏ పాటైనా సరే, కండ్ల ఆపరేషన్ అయిన మా అవ్వ కోసం అని రాసింది.

"అయిందా? ఇగ నీ పేరు రాయి."

"నాదెందుకు అవ్వా?"

"రాసినోళ్ళ పేరు ఆఖరుకు ఉంటది. గది పద్ధతి."

పద్ధతిని కాదనడానికి తనెవరు? ఉదయ్ పక్కన తిరుమల అని కొట్టింది.

శనివారం ఉదయ్ షాపుకు వచ్చాడు. ఫోన్ తియ్యలేదు. కౌంటరు మీద వేలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు.

"రేపు నర్సంపేట నుంచి వస్తాండ్లు. ఇల్లు చూసుటానికి. పిల్ల మేనమామ, పెద్దమనుషులు."

తిరుమల ఛార్జర్ల పెట్టె మూత మూసింది. "మంచిది అన్నా" అంది.

ఎన్నో వారాల తర్వాత మళ్ళీ అన్నా. ఉదయ్ మొహం ముడుచుకుంది.

"వాళ్ళకు నచ్చితే రేపే మాట ఇస్తడట బాపు. ఇచ్చిన మాట తప్పడు, నీకెరుకే."

"ఎరుకే."

"నీకేమన్న చెప్పాల్నని ఉందా?"

ఉంది. గంపెడుంది. "నెట్ ప్యాక్ అయిపోవచ్చింది. చూసుకో" అంది తిరుమల. అతను వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె రెండు ఫోన్లకు డిస్‌ప్లేలు తప్పుగా బిగించింది.

ఆదివారం ఐదుంబావుకు ఫోన్ వచ్చింది. స్వయంగా సారయ్య సేటే.

"అమ్మాయీ, స్పీకరు పలుకుతలేదు. జల్ది రా. చుట్టాల ముంగట ఇజ్జత్ పోయేటట్టుంది."

తీరా వెళ్ళి చూస్తే జరిగింది ఇది. తమ పేర్లు అమెరికా రేడియోలో రాబోతున్నాయని సేటు నర్సంపేట వాళ్ళ దగ్గర గొప్పలు పోయాడు. స్పీకరును నాయినమ్మ గదిలోంచి హాల్లోకి తెచ్చి, స్వీట్ల పళ్ళెం పక్కన దేవుడిలా ప్రతిష్ఠించాడు. దాన్ని ఫోన్‌తో కలపడం మాత్రం ఎవరికీ రాలేదు. ఉదయ్‌కు వచ్చు. కానీ అతను ఇస్త్రీ చొక్కాలో మూలన బొమ్మలా కూర్చుని, నాకు రాదన్నాడట.

తిరుమల తడిసిన చున్నీ పిండుకుని, ఎవరి వైపూ చూడకుండా, స్పీకరు కలిపింది. పని అయిపోయింది, పోదామనుకునేలోపు సమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

ముసలాయన గొంతు హాలంతా నిండింది. ఆ యాస ఎవరికీ అర్థం కాలేదు, పిల్ల మేనమామ లింగమూర్తి సారుకు తప్ప. ఆయన హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాడు. ఇంత మంచి అవకాశం వదులుకుంటాడా? లేచి నిలబడి తెలుగు చెయ్యడం మొదలుపెట్టాడు.

"ఇండియా నుంచి ఉత్తరం వచ్చిందట. వరంగల్ అనే ఊరు. సమ్మమ్మ అనే పెద్దామెకు ఈ పాట. కోరినవారు సారయ్య, యాకమ్మ."

సేటు మీసం దువ్వుకున్నాడు.

"వినయ్, శ్రీలత. మల్లక్క, రాజమౌళి. ఇన్ని జంటలున్న ఇల్లు ఎంత చల్లటి ఇల్లో అంటాండు. ఆఖరుకు రాసిండ్లు గాబట్టి వీళ్ళు కొత్త జంట అయి ఉంటరు, ఉదయ్, తిరుమల. నూరేండ్లు కలిసుండుమని దీవిస్తాండు. ఉదయ్, తిరుమల…"

సారు ఆగిపోయాడు. స్పీకర్లో గిటారు గూడ్సుబండిలా బయలుదేరింది.

"తిరుమల అంటే ఎవరు?" అన్నాడు సారు, కళ్ళద్దాలు సర్దుకుని. "మీ పిలగానికి పెండ్లయిందా సేటూ?"

"ఎవలు రాసిండ్లు గిది?" సారయ్య గొంతు ఉరిమింది.

"నేనే సేటూ" అంది తిరుమల లేచి. "తిరుమల నేనే. జంటలని కాదు, అవ్వ చెప్పిన వరసల రాసిన. రాసినోళ్ళ పేరు ఆఖరుకు రావాలంటే నాది పెట్టిన. మన పద్ధతి ఆయనకు ఎరుక లేదు."

హాల్లో అందరి ఊపిరీ కిందికి దిగింది. సారు నవ్వేశాడు. యాకమ్మ ఛాయ్ కప్పులు అందించబోయింది.

"అంటే తప్పు రాసినవ్, అంతేనా?" అన్నాడు సారయ్య.

"తప్పేనా?" ఆ మాట ఉదయ్‌ది. అతను లేచి నిలబడ్డాడు. "చెప్పు. తప్పేనా?"

అవును అంటే చాలు. ఛాయ్‌లు తాగుతారు, మాట ఇచ్చుకుంటారు, తను స్కూటీ ఎక్కి వెళ్ళిపోతుంది. రేపటి నుంచి ఆ కౌంటరు దగ్గరికి తుమ్ములు రావు. ఇంతమంది ముందు నవ్వులపాలు కావడం నయమా, అది నయమా? తిరుమల ఒక్క క్షణం లెక్కేసుకుంది.

"రాసుడు తప్పు గాదు" అంది. "రాసినంక రెండు పేర్లను చూసుకుంట శానాసేపు కూసున్న. పక్కపక్కన ఉంటే మంచిగనిపించింది. ఆయన జంట అనుకుంటడేమోనని గుడ అనిపించింది. చెరిపేద్దామనుకున్న. చెరుపబుద్ధి గాలే. గట్లనే పంపిన."

ఫిడేలు అందుకుంది. దానికి సందర్భం బాగా తెలిసినట్టుంది.

"బాపూ, నేను ఈమెనే చేసుకుంట" అన్నాడు ఉదయ్. "ముందుగాలనే చెప్పాల్సింది. ఈమె ఏమంటదోనని భయపడ్డ, నువ్వేమంటవోనని భయపడ్డ. తప్పంటే గది నాది."

సారయ్య మొహం ఎండు మిరపకాయ రంగుకు తిరిగింది. లింగమూర్తి సారు ఛాయ్ ఒక గుక్క తాగి, తాపీగా కప్పు కింద పెట్టాడు.

"సేటూ, కోపానికి రాకుండ్రి. మా పిల్లను ఇచ్చినంక తెలిస్తే మా బతుకేం గావాలె? ఇయ్యాల తెలిసింది, నయమే. ఛాయ్ బాగుంది, ఇంకో కప్పు పోయుండ్రి. వాన తగ్గినంక పోతం."

వాన తగ్గింది. చుట్టాలు వెళ్ళిపోయాక సారయ్య హాల్లో అటూ ఇటూ నాలుగు సార్లు నడిచి, తల్లి ముందు ఆగాడు.

"నువ్వేమంటవ్ అవ్వా?"

"నన్నడుగుతవేందిరా. కండ్లు కనబడని ముసల్దాన్ని నాకే కనబడ్డది" అంది సమ్మమ్మ. "నీకేమాయె?"

తిరుమల గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఎడమ కాలిది కుడి కాలికి తొడుగుతోంది.

"అమ్మాయీ" అన్నాడు సారయ్య.

"చెప్పుండ్రి సేటూ."

"మీ బాపు రేపు ఇంటికాడ ఉంటడా?"

"పొద్దుగాల షాపు తెరిచేది బాపే, ఆడ్నే ఉంటడు."

"షాపుకు పోవద్దని చెప్పు. ఇంటికాడనే ఉండుమను" అన్నాడాయన, ఆమె వైపు కాక గోడ వైపు చూస్తూ. "నేను, యాకమ్మ పొద్దుగాల వస్తం. పిల్లనడుగుటానికి దుకాన్లకు పోతే మంచిగుండదు."